అన్నయ్య జైలు నుంచి వస్తున్నాడు, పని ఎక్కడ వెతకాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీ అన్నయ్యకు 34 ఏళ్లు. ఊళ్లో జరిగిన గొడవలో ఒకరు చనిపోయిన కేసులో 2018లో అరెస్టయ్యాడు, 2019లో పదేళ్ల శిక్ష పడింది. హైదరాబాద్ చర్లపల్లి జైల్లో వడ్రంగం నేర్చుకున్నాడు. రెమిషన్, అంటే శిక్షలో ఇచ్చే తగ్గింపు పోను ఇంకో మూడు నెలల్లో బయటికి వస్తాడు. తర్వాత సొంతంగా వడ్రంగి షెడ్డు పెట్టించాలని మీ ఆలోచన. మీది జగిత్యాల దగ్గర పల్లె. పని ఎక్కడ వెతకాలి, జైలు సంగతి చెప్పాలా దాచాలా, జైళ్ల శాఖ పెట్రోల్ బంకుల్లో ఉద్యోగం ఇస్తారన్నది నిజమేనా, ఏదీ కుదరకపోతే దుబాయ్ పంపవచ్చా అని అడిగారు. అమెరికాలో ఉన్న మీ బాబాయి కొడుకు అక్కడ ఇలాంటివాళ్లకు ప్రభుత్వమే పూచీ ఉంటుందని చెప్పాడట, మన దగ్గర అలాంటిది ఉందా అని కూడా రాశారు.

నేను మొదట నైపుణ్య శిక్షణ కేంద్రంలో ప్లేస్‌మెంట్ చూసేవాణ్ని. తర్వాత చాలా ఏళ్లుగా జైలు నుంచి వచ్చినవాళ్లకు పని చూపించే పనిలోనే ఉన్నాను. ఈ మనుషులకు పని దరఖాస్తుతో రాదు. "ఇతని సంగతి నాకు తెలుసు, ఏదైనా తేడా వస్తే నన్ను అడగండి" అని ఒకరు యజమాని ముందు నిలబడితే వస్తుంది. ఆ మాట ఇంట్లోవాళ్లు చెబితే చెల్లదు, చెల్లెలు అన్న గురించి మంచే చెబుతుందని యజమానికీ తెలుసు. కాబట్టి జిల్లాలో ఉన్న మూడు నాలుగు ఆఫీసుల చేత ఆ మాట చెప్పించడమే ఈ మూడు నెలల్లో మీ పని. మూడు నెలలు ముందే అడిగారు, అది చాలా మంచిది. ఎక్కువమంది విడుదలై నెల దాటాక, జైలు కూలీ డబ్బు అయిపోయాక, ఇంట్లో మాటా మాటా వచ్చాక మా దగ్గరికి వస్తారు.

ముందు బంకుల సంగతి చెప్పేస్తాను. నిజమే. తెలంగాణ జైళ్ల శాఖ ఆయిల్ కంపెనీలతో కలిసి చంచల్‌గూడ, చర్లపల్లి లాంటి చోట్ల బంకులు నడుపుతోంది. ఆంధ్రలో రాజమహేంద్రవరం, విశాఖపట్నం జైళ్లకూ ఉన్నాయి. శిక్షలో ఉన్నవాళ్లతో పాటు విడుదలైనవాళ్లనూ వాటిలో తీసుకుంటారు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం సత్ప్రవర్తన కింద 213 మందిని ఒకేసారి వదిలినప్పుడు వాళ్లలో కొందరికి ఈ బంకుల్లోనే పని చూపించారు. అయితే ఉన్న బంకులెన్ని, ఏటా బయటికి వచ్చేవాళ్లెందరు? అది అందరికీ దొరికే దారి కాదు. దొరికినా ఆ జీతంలో హైదరాబాద్‌లో గది అద్దె పోను ఇంటికి పంపేది తక్కువే. అయినా నేను దాన్ని చిన్నచూపు చూడను. కొన్ని నెలలు బంకులో నగదు చేతిలో పెట్టుకుని లెక్క తప్పకుండా అప్పజెప్పిన మనిషి అని చెప్పుకోగలిగితే తర్వాతి యజమాని సగం మెత్తబడతాడు. మీ అన్నయ్యకు ఇష్టమైతే ఇప్పుడే, లోపల ఉండగానే, సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా అడగమనండి. బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడి అడిగేదానికీ లోపలి నుంచి అడిగేదానికీ తేడా ఉంటుంది. కాకపోతే చేతిలో వడ్రంగం ఉన్న మనిషి దాన్ని వదులుకుని పంపు దగ్గర స్థిరపడిపోవడం నాకు నచ్చదు.

ఇప్పుడు కాగితాలు. ఇది విసుగు పుట్టించే పని, కానీ ఉద్యోగాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఆయన 2018లో లోపలికి వెళ్లాడు. అప్పటి సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది, ఆ నంబరు ఈపాటికి ఇంకొకరి చేతిలో ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆధార్‌కు ఆ పాత నంబరే లింకై ఉంటే ఏ ఓటీపీ రాదు. ఓటీపీ రాకపోతే బ్యాంకూ లేదు, పీఎఫ్ నంబరూ లేదు, ఏ పథకమూ లేదు. విడుదలైన మొదటి రెండు మూడు రోజుల్లోనే కొత్త సిమ్ తీసుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి నంబరు మార్పించండి. అసలు ఆధారే లేనివాళ్లకు జైలు అధికారి సంతకం, ముద్ర ఉన్న పత్రం ఆధారంగా లోపలే నమోదు చేయించే వీలుంది. ఇది చదువుతున్న మిగతావాళ్లు గుర్తుపెట్టుకోండి. రెండేళ్లు లావాదేవీలు లేకపోతే బ్యాంకు ఖాతా నిద్రపోతుంది. మళ్లీ కేవైసీ ఇచ్చి లేపాలి. డ్రైవింగ్ లైసెన్సు గడువు తీరి ఏడాది దాటితే రెన్యువల్ కుదరదు, మళ్లీ టెస్టు పెడతారు. రేషన్ కార్డులో పేరు ఉందో తీసేశారో మీరు ఇప్పుడే చూడవచ్చు, అందుకు ఆయన రానక్కరలేదు.

జైలు నుంచి కూడా రెండు కాగితాలు తెచ్చుకోవాలి. ఒకటి విడుదల పత్రం. చాలామంది దాన్ని చూడగానే అసహ్యమేసి చింపేస్తారు. చింపవద్దనండి. శిక్ష పూర్తయిందనడానికి అదే ఆధారం. రెండోది, లోపల ఏ పని ఎన్నేళ్లు చేశాడు, ప్రవర్తన ఎలా ఉంది అని వెల్ఫేర్ ఆఫీసరు రాసి సూపరింటెండెంట్ సంతకం పెట్టిన లేఖ. ఇది అడగనిదే ఎవరూ ఇవ్వరు. ములాఖత్‌కు వెళ్లినప్పుడు మీరే వెల్ఫేర్ ఆఫీసరును కలిసి అడగండి. కేంద్ర హోం శాఖ 2016లో ఇచ్చిన మోడల్ ప్రిజన్ మాన్యువల్‌లో విడుదల తర్వాతి పునరావాసం మీద ఒక అధ్యాయమే ఉంది. ఖైదీ జైల్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచే అతని విడుదల గురించి ఆలోచించాలన్నది దాని సారం. ఆచరణలో అంత జరగదు, అయినా అడిగితే కాదనడానికి అధికారికి కారణం లేదు.

ఇక అసలు సంగతి, ఆఫీసులను ఒకదానికొకటి కలపడం. మన జిల్లాల్లో ఏ ఒక్క ఆఫీసూ "జైలు నుంచి వచ్చినవాళ్ల ఉద్యోగాలు" అనే బోర్డు పెట్టుకుని కూర్చోలేదు. కానీ కావాల్సిన ముక్కలన్నీ విడివిడిగా ఉన్నాయి. జైల్లో వెల్ఫేర్ ఆఫీసరు ఉన్నాడు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, దాని కార్యదర్శి సీనియర్ సివిల్ జడ్జి. లీడ్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది, అందరూ ఆర్‌సెటీ అంటారు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా నైపుణ్య కమిటీ ఉంది, 2018లో కేంద్రం మొదలుపెట్టిన సంకల్ప్ పథకం వీటికి ఊతమిచ్చింది. జిల్లా పరిశ్రమల కేంద్రం దగ్గర చిన్న యూనిట్ల వివరాలుంటాయి. వీళ్లలో ఎవరికీ రెండోవాడు ఏం చేస్తాడో పట్టదు. కలెక్టరేట్ సమీక్షల్లో నిరుద్యోగ యువత, మహిళలు, వికలాంగుల మాట వస్తుంది గానీ జైలు నుంచి వచ్చినవాళ్ల మాట ఎవరూ ఎత్తరు, ఎవరూ అడగరు కాబట్టి. అడిగేవాళ్లు మీరు కావాలి.

మొదట న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వాళ్ల లాయర్లు జైలు క్లినిక్‌కు వెళుతూనే ఉంటారు కాబట్టి చర్లపల్లి వైపు నుంచి మీ అన్నయ్యతో ఒక అర్జీ రాయించవచ్చు, జగిత్యాల వైపు నుంచి మీరు ఒకటి ఇవ్వవచ్చు. వాళ్లు ఉద్యోగం ఇవ్వరు. కానీ అక్కడి నుంచి వెళ్లిన లేఖను ఎస్సై గానీ బ్యాంకు మేనేజరు గానీ టేబుల్ పక్కకు నెట్టేయడు. తర్వాత కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి. అక్కడ చాలామంది చేసే పొరపాటు "మా అన్నకు ఉద్యోగం ఇప్పించండి" అని రాయడం. కలెక్టరు చేతిలో ఉద్యోగాలు ఉండవు. ఆ అర్జీ ఉపాధి కల్పనాధికారికి వెళ్లి, పేరు నమోదు చేసుకోండి అనే జవాబుతో ముగిసిపోతుంది. దానికి బదులు చేయగలిగినది అడగండి: ఆర్‌సెటీలో రాబోయే బ్యాచ్‌లో ఒక సీటు, లేదా జిల్లాలోని ఫర్నిచర్, ఇంటీరియర్ యూనిట్ల జాబితాతో పాటు పరిశ్రమల కేంద్రం నుంచి ఒక పరిచయ లేఖ. ఒక పేజీ దాటవద్దు. కేసు కథ రాయవద్దు. శిక్ష పూర్తయింది, వడ్రంగి పని వచ్చు, ఫలానా తేదీన విడుదల, ఇదీ నా విన్నపం. అంతే. అర్జీ నంబరు తీసుకుని రెండో వారం ఆ నంబరుతోనే వెళ్లండి. ఆంధ్రలో ఉన్నవాళ్లకు కూడా కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల కార్యక్రమం ఉంటుంది, పద్ధతి ఇదే.

ఆర్‌సెటీని నేను ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, అక్కడ శిక్షణ ఉచితం, భోజనం, బస కూడా వాళ్లే చూస్తారు, శిక్షణ అయ్యాక రెండేళ్ల పాటు మనిషిని గమనిస్తూ బ్యాంకు రుణం దాకా తోడుండాలన్నది వాళ్ల పద్ధతి. శిక్షణ కంటే ఆ రెండేళ్ల తోడే విలువైనది. పైగా విడుదలయ్యాక ఇంటికి, పాత స్నేహితులకు దూరంగా కొన్ని వారాలు తెల్లారి లేచి తరగతికి వెళ్లే పని దొరుకుతుంది. జైల్లో గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం అలవాటైన మనిషికి ఒక్కసారిగా గంట లేని రోజులు వస్తే తోచదు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అనుకుంటారు. కాదు.

మీ బాబాయి కొడుకు చెప్పింది నిజమే. అమెరికాలో 1966 నుంచి ఫెడరల్ బాండింగ్ ప్రోగ్రామ్ ఉంది. జైలు నుంచి వచ్చిన మనిషిని పెట్టుకున్న యజమానికి, ఆ మనిషి దొంగతనం లాంటిది చేసి నష్టం తెస్తే 5,000 డాలర్ల దాకా పూచీ, మొదటి ఆరు నెలలు యజమానికి ఖర్చు లేకుండా. కాలిఫోర్నియా 2018లో ఇంకో అడుగు వేసింది. అక్కడి జైళ్ల శాఖను, ప్రాంతాల వారీగా ఉండే ఉపాధి బోర్డులను ఒకే ఒప్పందంలోకి తెచ్చి, జైలు నుంచి ఉద్యోగానికి అనే పేరుతోనే ఒక కార్యక్రమానికి 37 మిలియన్ డాలర్లు కేటాయించింది. లోపల నేర్పే పని బయట ఆ ప్రాంతంలో గిరాకీ ఉన్న పనే అయి ఉండాలన్నది అందులో ముఖ్యమైన ఆలోచన. మన దగ్గర అలాంటి బాండు లేదు. అందుకే పైన చెప్పిన లేఖల అవసరం. డబ్బు పూచీ లేనిచోట పేరున్న ఆఫీసు కాగితమే పూచీ. ఊరి నుంచి ఒక రిటైర్డు టీచరో, పాత సర్పంచో ఫోన్లో రెండు మాటలు చెబితే ఇంకా మంచిది. కుటుంబం మాత్రం యజమాని దగ్గర డిపాజిట్ కట్టవద్దు. కొందరు అడుగుతారు. డిపాజిట్ ఒకసారి చేతిలో పడ్డాక జీతం ఆలస్యమైనా మాట్లాడలేరు.

ఎలాంటి చోట వెతకాలి? యజమాని రోజూ వచ్చి కూర్చునే చోట. హెచ్ఆర్ విభాగం ఉన్న పెద్ద కంపెనీలో ఇంటర్వ్యూ చేసేవాడికి మీ అన్నయ్య నచ్చినా నిర్ణయం అతని చేతిలో ఉండదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ బయటి సంస్థ చేస్తుంది, కంప్యూటర్‌లో ఎర్ర గీత పడితే కథ ముగిసినట్టే. ఇంటింటికీ సరుకు చేరవేసే యాప్‌ల కంపెనీలూ ఈ తనిఖీ చేయిస్తాయి. అదే పదిమందితో నడిచే ప్లైవుడ్ ఫర్నిచర్ షెడ్డులో యజమాని మనిషి చేతిని చూస్తాడు, పని చూస్తాడు, మాట వింటాడు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, బాలానగర్, కాటేదాన్, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో ఇలాంటి షెడ్డులు చాలా ఉన్నాయి. కరీంనగర్‌లోనూ ఉన్నాయి. నగరంలో వడ్రంగం చాలావరకు రాజస్థాన్, యూపీ, బిహార్ జట్ల చేతిలో ఉంది, కాబట్టి హిందీ వస్తే సగం పని అయినట్టే. చర్లపల్లిలో అన్నేళ్లున్న మనిషికి హిందీ రాకుండా ఉండదు లెండి.

ఒక దారి మాత్రం చట్టమే మూసేసింది. ఊళ్లో అందరూ మొదట చెప్పేది "సెక్యూరిటీ గార్డుగా పెట్టించండి" అని. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం కోర్టులో శిక్ష పడిన వ్యక్తిని ఏజెన్సీ గార్డుగా పెట్టుకోకూడదు. ఏ సూపర్‌వైజరో డబ్బు తీసుకుని చేర్చినా పోలీసు వెరిఫికేషన్ దగ్గర బయటపడుతుంది, అప్పటిదాకా చేసిన పనికి జీతం కూడా ఎగ్గొడతారు. దానివైపు చూడవద్దు.

చెప్పాలా, దాచాలా? ఈ ప్రశ్నకు నేను చాలాసార్లు జవాబిచ్చాను, నా జవాబు మారలేదు. యజమానికి చెప్పాలి, మిగతా పనివాళ్లకు అక్కరలేదు. నీతి కోసం చెప్పమనడం లేదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే కేసు, తీర్పు అన్నీ ఎవరికైనా కనిపిస్తాయి. ఊరివాడు ఒకడు షెడ్డుకు ఏదో పనిమీద వచ్చి "నువ్వు ఇక్కడున్నావా" అంటాడు. ఆరు నెలల తర్వాత బయటపడితే యజమానికి కోపం పాత నేరం మీద రాదు, ఇన్నాళ్లూ దాచినందుకు వస్తుంది. అప్పుడు పోయే ఉద్యోగం తిరిగి రాదు. ఆయనను తెచ్చి పెట్టిన మేస్త్రి మాట కూడా దాంతో పాటే పోతుంది.

రాతపూర్వక ఫారం నింపాల్సి వస్తే సూత్రం వేరు. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పింది ఇదీ: అడిగిన వివరం నిజంగా చెప్పాలి, దాచడం తప్పు, అయితే ఫారంలో స్పష్టంగా అడిగినదానికే జవాబు ఇవ్వాల్సి ఉంటుంది. అస్పష్టమైన ప్రశ్నకు జవాబివ్వలేదని దాచినట్టు లెక్కకట్టకూడదు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు, తీసుకోవాలా వద్దా అన్నది యజమాని నిర్ణయమే. కాబట్టి "మీ మీద పెండింగ్ కేసులున్నాయా" అని మాత్రమే అడిగితే, శిక్ష పూర్తయి అప్పీలు కూడా ఏదీ లేకపోతే, లేవనే జవాబు అబద్ధం కాదు. "ఎప్పుడైనా శిక్ష పడిందా" అని అడిగితే అవును అనే రాయాలి. ఇంకో సంగతి, ఇది మీ అన్నయ్యకు వర్తించదు గానీ చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుంది. జైలుకు పంపకుండా 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద వదిలినవాళ్లకు ఆ శిక్ష వల్ల అనర్హత అంటదని ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. 18 ఏళ్లలోపు వయసులో జువెనైల్ బోర్డు ముందు నడిచిన కేసులకూ 2015 చట్టంలో ఇలాంటి రక్షణ ఉంది. ఆ రెండు రకాలవాళ్లు తమంతట తాము చెప్పుకుని చెడగొట్టుకోవద్దు, ముందు లాయరును అడగండి.

ఎలా చెప్పాలన్నది ఎప్పుడు చెప్పాలన్నంత ముఖ్యం. పని చూపించాక చెప్పాలి, జీతం మాట్లాడకముందే చెప్పాలి. నేను మా కుర్రాళ్ల చేత ఇలా చెప్పిస్తాను: "సార్, ఒక మాట చెప్పాలి. గొడవ కేసులో శిక్ష పడి జైల్లో ఉన్నాను. శిక్ష అయిపోయింది, కాగితాలు తెచ్చాను. లోపల ఆరేళ్లు వడ్రంగి పనే చేశాను. మీకు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఈ నంబర్లు." ఇక్కడితో ఆపాలి. తప్పు ఎవరిది, ఎవరు ఇరికించారు, సాక్షులు ఎలా తిరగబడ్డారు, ఇవి మొదలుపెడితే యజమాని కళ్లు గడియారం మీదికి పోతాయి. అద్దం ముందు కాదు, మీ ముందే నాలుగుసార్లు చెప్పించండి. మొదట గొంతు వణుకుతుంది. నాలుగోసారికి మామూలు మాటలా వస్తుంది.

ఇప్పుడు ఆయన చేతి పని. మీరు "వడ్రంగం నేర్చుకున్నాడు" అని ధీమాగా రాశారు. జైలు వర్క్‌షాపులో ఎక్కువగా చేసేది కుర్చీలు, బల్లలు, బెంచీలు, ప్రభుత్వ ఆఫీసుల ఆర్డర్లు. కొలతలు ఒకటే, చేసిందే మళ్లీ మళ్లీ చేయాలి. చేయి తిరుగుతుంది, ముగింపు బాగుంటుంది, కానీ బయట మార్కెట్ మాడ్యులర్ కిచెన్ల వైపు, వార్డ్‌రోబ్‌ల వైపు జరిగిపోయింది. ప్లైవుడ్, లామినేట్, ప్యానెల్ సా, ఎడ్జ్ బ్యాండింగ్, సాఫ్ట్ క్లోజ్ కీళ్లు. కస్టమరు ఫోన్లో బొమ్మ చూపించి ఇదే కావాలంటాడు. కొలతలు వాట్సాప్‌లో వస్తాయి. మీ అన్నయ్య లోపలికి వెళ్లేటప్పటికి మీ ఊరి టీ కొట్టులో క్యూఆర్ కోడ్ లేదు, ఇప్పుడు కూరగాయల బండి మీద కూడా ఉంది. కాబట్టి మొదట హెల్పరుగా చేరి రెండు మూడు నెలలు ఈ కొత్త సామాను మీద చేయి కుదుర్చుకోవడానికి ఆయన ఒప్పుకోవాలి. లోపల సీనియర్ మేస్త్రిగా ఉన్నవాళ్లకు ఇది కష్టం. "ఆరేళ్లు పనిచేసి ఇరవై ఏళ్ల కుర్రాడికి సామాను అందించాలా" అంటారు. ములాఖత్‌లోనే ఈ మాట ఎత్తండి, వచ్చాక చెబితే అవమానం అనిపిస్తుంది. పాత నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఉంది. దగ్గర్లో అలాంటి పరీక్ష జరుగుతుంటే రాయించండి. జైలు పేరున్న సర్టిఫికెట్ పక్కన జైలు పేరు లేనిది ఇంకొకటి ఉండటం మంచిది.

ఉద్యోగం దొరికాక మొదటి మూడు నెలల్లో దాన్ని చెడగొట్టేవి పని చేతకాకపోవడం కంటే ఇతర విషయాలే. ఒకటి అడ్వాన్సు. లోపల ఉన్నప్పుడు పేరుకున్న అప్పులు, లాయరు బాకీ, చెల్లెలి పెళ్లి బాకీ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి చేరిన పది రోజులకే యజమానిని యాభై వేలు అడుగుతారు. ఇంట్లోవాళ్లే అడిగిస్తారు. మీరు అలా చేయకండి. రెండోది పోలీసులు. ఆయన మీద రౌడీ షీటో సస్పెక్ట్ షీటో తెరిచి ఉంటే ఏ పండగ వచ్చినా, ఎన్నికలు వచ్చినా స్టేషన్‌కు పిలుస్తారు, లేదా కానిస్టేబుల్ పనిచేసే చోటుకే వస్తాడు. షెడ్డు ముందు పోలీసు బండి రెండుసార్లు ఆగితే ఎంత మంచి యజమాని అయినా భయపడతాడు. అందుకే ముందే ఊరి స్టేషన్‌లో, పనిచేసే చోటి స్టేషన్‌లో న్యాయ సేవాధికార సంస్థ లేఖ పట్టుకుని తనే వెళ్లి ఎస్సైని కలవాలి. ఎక్కడ పనిచేస్తున్నాడో, ఎక్కడ ఉంటున్నాడో రాసిచ్చి, అవసరమైతే ఫోన్ చేయండి సార్, నేనే వస్తాను అని చెప్పాలి. చాలామంది ఎస్సైలు ఒప్పుకుంటారు, వాళ్లకూ తిరుగుడు తగ్గుతుంది. మీ అన్నయ్యది మామూలు రెమిషన్‌తో శిక్ష ముగియడం కాబట్టి షరతులు ఉండకపోవచ్చు. ప్రభుత్వ జీవోతో ముందస్తుగా విడుదలైనవాళ్లకు మాత్రం బాండు, నిర్ణీత కాలానికోసారి హాజరు లాంటి షరతులు జీవోలోనే ఉంటాయి, ఆ తేదీలు యజమానికి ముందే చెప్పి సెలవు మాట్లాడుకోవాలి.

మూడోది ఊరు. చనిపోయినవాళ్ల కుటుంబం అదే ఊళ్లో ఉంటే, మీరు రాయలేదు గానీ ఉండే ఉంటారు, మొదటి ఏడాది ఆయన ఊళ్లో పని వెతకడం మంచిది కాదు. వాళ్ల కోపం శిక్షతో తీరదు, తీరాలని మనం అడగలేం కూడా. కరీంనగరో హైదరాబాదో మేలు. పండక్కి వచ్చినా పెద్దమనుషుల చెవిన వేసి రావాలి.

సొంత షెడ్డు పెట్టించాలన్న మీ ఆలోచన మంచిదే, కానీ వచ్చిన వెంటనే వద్దు. ఏడాది ఎవరి దగ్గరైనా పనిచేశాక చూడండి. అప్పటికి పీఎం విశ్వకర్మ పథకం ఉపయోగపడుతుంది. 2023 సెప్టెంబరులో మొదలైన ఈ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది సరిగ్గా కడితే రెండు లక్షలు. కుటుంబానికి ఒక్కరికే ఇస్తారు. పల్లెలో అయితే పంచాయతీ స్థాయిలో ధ్రువీకరణ ఉంటుంది కాబట్టి సర్పంచ్‌తో సంబంధాలు చెడకుండా చూసుకోండి. ముద్రా రుణం ఇంకో దారి, శిశు విభాగంలో 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకు దగ్గర అడ్డు వచ్చేది సాధారణంగా జైలు కాదు, సిబిల్, అంటే పాత అప్పులు ఎలా కట్టాడన్న రికార్డు. 2018లో ఆయన పేర బైకు లోనో, పంట రుణమో, ఫోన్ ఈఎంఐయో ఉండి ఆగిపోయిందా? ఇప్పుడే కనుక్కోండి. చిన్న బాకీ అయితే విడుదలకు ముందే కట్టేసి నో డ్యూ కాగితం తెచ్చుకోండి.

ఇక్కడ ఇంకో మాట, మీ ప్రశ్నకు బయటిది. ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లలో చాలామంది బంధువులు అసలు శిక్ష పడినవాళ్లే కాదు, రిమాండు ఖైదీలు. 2022 జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వాళ్లు బెయిల్ మీద ఏ శిక్షణా లేకుండా, కూలీ డబ్బు లేకుండా, ఒక్కరోజు ముందు కూడా తెలియకుండా బయటికి వస్తారు. నిర్దోషి అని తేలకముందే ఉద్యోగం పోయి ఉంటుంది. వాళ్ల విషయంలో కోర్టు వాయిదాలే పెద్ద చిక్కు. నెలకోసారి సెలవు ఇవ్వగల యజమానిని వెతుక్కోవాలి. దినసరి కూలీ, పీసు రేటు పనులు వాళ్లకు నెల జీతం కంటే మేలు.

చివరిగా దుబాయ్. జగిత్యాల వాళ్లు ఈ ప్రశ్న అడగకుండా ఉండరు. పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం, దరఖాస్తుకు ముందు అయిదేళ్లలోపు నైతిక పతనం కిందికి వచ్చే నేరానికి రెండేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడి ఉంటే పాస్‌పోర్ట్ నిరాకరించవచ్చు. లెక్క శిక్ష పడిన తేదీ నుంచి, విడుదల తేదీ నుంచి కాదు. మీ అన్నయ్యకు 2019లో శిక్ష పడింది కాబట్టి ఆ అయిదేళ్లు దాటాయి. అప్పీలు గానీ వేరే కేసు గానీ కోర్టులో నడుస్తుంటే మాత్రం ఆ కోర్టు అనుమతి కావాలి. ఇక పోలీసు వెరిఫికేషన్‌లో కేసు వివరం వస్తుంది, కొన్ని ఉద్యోగాలకు గల్ఫ్ కంపెనీలు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతాయి, అది దొరకకపోవచ్చు. "అన్నీ మేనేజ్ చేస్తాం" అని లక్షన్నర అడిగే ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకండి. లైసెన్సు ఉన్న ఏజెంటా కాదా అన్నది ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడవచ్చు, విదేశీ ఉద్యోగాలు చూపించడానికి తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, ముందు వాళ్లను అడగండి. నా సలహా అయితే కనీసం రెండేళ్లు ఇక్కడే. కొత్తగా బయటికి వచ్చిన మనిషిని మళ్లీ ఒక లేబర్ క్యాంపు గదిలోకి, పాస్‌పోర్ట్ ఇంకొకరి బీరువాలో ఉండే చోటికి పంపడం నాకు మనసొప్పదు.

ఈ వారం ములాఖత్‌కు వెళితే ఆయన శిక్షణ సర్టిఫికెట్ మీద ఏ సంస్థ పేరుందో, అప్పీలు ఏదైనా మిగిలుందో, జైలు ఖాతాలో కూలీ ఎంత జమైందో అడిగి ఇక్కడే రాయండి. సర్టిఫికెట్ సంగతి తెలిస్తే ఆర్‌పీఎల్ అవసరమా, నేరుగా షెడ్డుల్లో అడగవచ్చా అన్నది చెబుతాను. వెల్ఫేర్ ఆఫీసరుకు ఇవ్వాల్సిన లేఖ మీరు రాసి పెట్టండి, పేర్లు తీసేసి ఇక్కడ పెడితే దిద్దిపెడతాను.